నెట్ ఆగి ఆగి వస్తోందని బూస్టర్ కొనబోతున్నారా? ఆగండి (మారతహళ్లి వైపు ఉండేవాళ్లు తప్పక చదవండి)

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొలాల, కుందలహళ్లి చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లందరికీ ఈ హెచ్చరిక. నెట్ మాటిమాటికీ పోతోందని కంప్లయింట్ ఇస్తే, లైన్ చూడటానికి వచ్చిన కుర్రాడు బ్యాగులోంచి బూస్టర్ (వైఫై సిగ్నల్‌ని దూరపు గదులకి అందించే చిన్న పెట్టె) తీసి అంటగడుతున్నాడు. మాకు అదే జరిగింది.

మా ఇంట్లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, మీటింగ్ మాత్రం మధ్యలో తెగిపోతుంది. కాసేపటికి దానంతటదే వస్తుంది. వచ్చినతను ఫోన్‌లో ఒక స్పీడ్ టెస్ట్ చేసి, "గోడలు మందం మేడమ్, సిగ్నల్ దాటట్లేదు" అన్నాడు. 2,800 రూపాయలు తన సొంత నంబరుకే ఫోన్‌పే చేయించుకున్నాడు. బిల్లు మెయిల్‌కి వస్తుందన్నాడు, రాలేదు. మర్నాటి నుంచి మళ్లీ అదే తంతు. వెనక్కి తీసుకోమంటే సీల్ తీశాక కుదరదట. ఆ సీల్ తీసింది అతనే!

అసలు లోపం మా పక్క ఫ్లాట్ అన్నయ్య పట్టుకున్నారు. ఆయన వైఫై జోలికే పోలేదు, ఫైబర్ వైరు వచ్చి దిగే బాక్సు ముందు నిలబడ్డారు. నెట్ పోయినప్పుడల్లా దాని మీద ఎల్‌ఓఎస్ (లాస్ ఆఫ్ సిగ్నల్) అనే లైటు ఎర్రగా మెరుస్తోంది. అంటే బయటి నుంచి లైనే రావట్లేదు. వైరు వెంట వెళ్తే, బాల్కనీ తలుపు సందులో అది నలిగి ఉంది. తలుపు మూస్తే ఎర్ర లైటు, తీస్తే పచ్చ లైటు. ఫైబర్‌లో పోయేది కరెంటు కాదు, కాంతి. వైరు గట్టిగా మడత పడితే ఆ కాంతి పక్కకి జారిపోతుంది. ఇంట్లో ఎన్ని బూస్టర్లు పెట్టినా దానికి మందు కాదు.

కాబట్టి నెట్ పోయిన ఆ నిమిషంలోనే లైట్లు చూసి ఫోటో తీయండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంటే లైన్ బాగు చేయమనండి, వైరులో వచ్చే కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెట్టి రీడింగ్ చూపించమనండి. మైనస్ 27 డీబీఎం (ఆ బలాన్ని కొలిచే లెక్క) కంటే కిందికి, అంటే మైనస్ 29, 30 చూపిస్తే లైన్ నీరసంగా ఉన్నట్టే. లైట్లు బాగానే ఉంటే లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి చూడండి. కేబుల్‌లో నిలకడగా ఉండి వైఫైలో మాత్రమే తెగుతుంటే అప్పుడు అనుమానం వైఫై మీదికి వెళ్లాలి. మన అపార్ట్‌మెంట్లలో గోడకో రౌటర్. అవన్నీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. రౌటర్ ఉన్న గదిలో వైఫై రెండో బ్యాండ్ 5 గిగాహెర్ట్జ్‌కి మారితే చాలామందికి అక్కడితో తీరిపోతుంది. దూరపు బెడ్‌రూమ్‌కి నిజంగానే సిగ్నల్ అందకపోతే బూస్టర్ పనికొస్తుంది, కాదనను. కానీ చవక సింగిల్ బ్యాండ్ (ఒకే బ్యాండ్ ఉన్న) రకం అందుకోవడం, అందించడం ఒకే రేడియోతో చేస్తుంది కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. మాకు అంటగట్టింది అదే.

డబ్బు అతని సొంత నంబరుకి కొట్టకండి. బిల్లు చేతికి వచ్చాకే పెట్టె తెరవనివ్వండి. కంప్లయింట్ ఇచ్చినప్పుడు డాకెట్ నంబరు (ఫిర్యాదుకి వాళ్లిచ్చే నంబరు) రాసుకోండి, కంపెనీలోనే అప్పీలు వేయాలంటే అది కావాలి. నేను ఫోన్‌పే స్క్రీన్‌షాట్‌తో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఇలాగే మోసపోయినవాళ్లు ఉంటే మీరూ పెట్టండి.