చంద్రపూర్‌లో ఏఏ మీటింగులు: మూడేళ్లు దాటాక నా అనుభవం

మాది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షా. తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, డ్యూటీలో హిందీ. తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు 2022 నుంచి వెళ్తున్నాను. మనవాళ్లు కొందరు "ఎట్లుంటది, పైసలెంత" అని చాటుగా అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

ముందు మా జిల్లా సంగతి. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్ నుంచి దారూబందీ, అంటే మద్య నిషేధం. 2021లో ఎత్తేశారు. పక్కనున్న గడ్చిరోలిలో అయితే 1993 నుంచీ ఉంది. దుకాణం లేకపోతే తాగుడు పోతుందని మా ఆవిడ సంబరపడింది. నేను చాటుగా అమ్మేవాడికి రెట్టింపు ధర ఇచ్చి తాగాను. దొరకని రోజు రైలెక్కి కాగజ్‌నగర్ వెళ్లి తాగొచ్చాను. బందీ ఎత్తేశాక రైలు టికెట్ డబ్బులు మిగిలాయి, అంతే.

తాగుడు మాన్పించే ఒక ప్రైవేటు సెంటర్లో కూడా పడ్డాను. మూడు వారాలు తాళం వేసి ఉంచారు. ఆవిడ గాజులు తాకట్టులోకి వెళ్లాయి. బయటికొచ్చిన రోజు సాయంత్రమే తాగాను. ఆ తర్వాత పౌరుషానికి పోయి ఇంట్లోనే ఒక్కసారిగా మానేస్తే, రెండో రాత్రి ఫిట్స్ వచ్చాయి. సర్కారు దవాఖానాలో పడుకోబెట్టి బీ1 విటమిన్ ఎక్కించారు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చని అక్కడి డాక్టరు గట్టిగా చెప్పారు. కాబట్టి ముందు డాక్టరు దగ్గరికి, తర్వాతే మీటింగుకి. ఏఏలో వైద్యం ఉండదు, మందులివ్వరు. (మందు అనే మాట మా గదిలో కాస్త చూసి వాడాలి.)

ఇక మీటింగు వెతకడం. నన్నడిగితే తాగుడు మానడం కన్నా ఇదే చికాకు. నెట్‌లో దొరికిన అడ్రసుకి వెళ్తే తాళం. ఇక్కడ అదంతా ఎప్పుడో ఆగిపోయిందన్నాడు వాచ్‌మన్. ఒక నంబరు పనిచేయలేదు, ఇంకోటి ఎవరో ఇంటి ఆడమనిషి ఎత్తి తిట్టింది. మూడోది నాగపూర్ సభ్యుడిది. ఆయన చంద్రపూర్‌లో ఒకరి నంబరు ఇచ్చాడు. ఆ మనిషి అడ్రసే చెప్పలేదు. "ఆరున్నరకి స్టేషన్ బయట చాయ్ బండి దగ్గర నిలబడు, నేనొస్తా" అన్నాడు. వచ్చాడు. అప్పటి నుంచి అందరికీ అదే చెప్తున్నాను, మీకు కావాల్సింది మీటింగు అడ్రసు కాదు, ఫోనెత్తే మనిషి. ఒక్కడే గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆరోజు ఆయన పక్కన లేకపోతే నేనూ తిరిగిపోయేవాణ్నే.

మీటింగు ఒక బడి గదిలో. పిల్లల బెంచీలు, మోకాళ్లు కొట్టుకుంటాయి. గోడ మీద మరాఠీ ఎక్కాల చార్టు. మొదటి రోజు ఎవరి మొహం చూడలేక పదమూడో ఎక్కం మొత్తం చదివాను. చాయ్ గ్లాసు సగమే పోసిచ్చారు, నా చేతి వణుకు ఇచ్చినాయన ముందే చూశాడు. నా వంతు రాగానే మరాఠీ నోట్లోనే ఆగిపోయి, తెలుగులో "నేను తాగుబోతుని" అన్నాను. అందరూ ఊరుకున్నారు. వెనక బెంచీ నుంచి ఒక పెద్దాయన నవ్వాడు. ఆసిఫాబాద్ మనిషట. అయిపోయాక దగ్గరికొచ్చి, "తమ్మీ, ముప్పై ఏండ్లకు ఈ మాట మన భాషల విన్న" అన్నాడు.

ఫీజు లేదు. చివర్లో ఒక సంచీ తిరుగుతుంది, పది వేసినా వేయకపోయినా అడగరు. బయటివాళ్ల విరాళం తీసుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటి ఉంటే చాలు, పేరు కూడా మీకిష్టమైనదే చెప్పొచ్చు. అయితే చిన్న ఊరు కదా, రెండో వారమే మీటింగులో మా వీధి కిరాణా సేఠ్ కనిపించాడు. నేను ఆయనకి బాకీ! ఇద్దరం ఒకరినొకరం చూసి గుటకలు మింగాం. ఇప్పటిదాకా మా సంగతి వీధిలో ఎవరికీ తెలియదు.

నచ్చనివీ ఉన్నాయి. దేవుడి ప్రస్తావన ఎక్కువ. మీ దేవుణ్ని మీరే ఎంచుకోండి అంటారు గానీ నాస్తికుడికి మొదట్లో ఇబ్బందే. కొందరు ఒకే కథ ప్రతి వారం చెప్తారు. తాగుడు మానేందుకు ఏఏ చెప్పే పన్నెండు మెట్లు మరాఠీలో నాకు సరిగ్గా ఎక్కలేదు. హైదరాబాద్ నుంచి ఒకాయన తెలుగు పుస్తకం తెచ్చాకే నాలుగో మెట్టు అంటే ఏంటో అర్థమైంది. నాలోని మంచీ చెడూ దాచకుండా కూర్చుని రాసుకోవడం అది. నాకు రెండు నెలలు పట్టింది.

జూమ్‌లో తెలుగు మీటింగులకీ వెళ్లాను. భాష హాయిగా ఉంటుంది. కానీ ఏడో నెలలో ఒక రాత్రి కెమెరా ఆపేసి, చేతిలో గ్లాసుతోనే ఆ మీటింగు మొత్తం విన్నాను. ఎవరికీ తెలియలేదు. బడి గదిలో అది కుదరదు, పక్కవాడికి వాసన వస్తుంది. మర్నాడు బెంచీ మీద కూర్చుని ఆ సంగతి చెప్పాను. ఎవరూ తిట్టలేదు, చాయ్ మళ్లీ సగం గ్లాసే వచ్చింది.

ఒక జాగ్రత్త. ఎన్నికలొస్తే ఆ బడి పోలింగ్ బూత్ అయిపోతుంది, పరీక్షలప్పుడు కూడా గది ఇవ్వరు. ఆ వారాల్లో మీటింగు ఎక్కడ జరుగుతుందో నెట్‌లో ఉండదు. ముందు రోజే ఎవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి.