పొద్దున్నా, సాయంత్రమా, ట్రెడ్‌మిల్లా? డ్యూటీ చార్ట్ ఉన్న ఇంట్లో పరుగుకి ఏ వేళ మేలు

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. మా ఆవిడ డ్యూటీ చార్ట్. తను స్టాఫ్ నర్సు. ఒక వారం పొద్దున 8 నుంచి మధ్యాహ్నం 2 దాకా, ఇంకో వారం 2 నుంచి రాత్రి 8 దాకా, మరో వారం రాత్రి 8కి వెళ్తే మర్నాడు పొద్దున 8 దాకా. మాది విశాఖ. నా ఆఫీసు గాజువాక వైపు, ఇల్లు ఎంవీపీ కాలనీలో. పొద్దున 8:15కి బయల్దేరితే మళ్ళీ గుమ్మంలోకి వచ్చేసరికి 7. పెద్దది ఐదో తరగతి, చిన్నాడు యూకేజీ. మా అమ్మ శ్రీకాకుళం దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది, సంక్రాంతికీ వేసవి సెలవులకీ తప్ప రాదు. ఇలాంటి ఇంట్లోంచి వారానికి మూడుసార్లు పరుగుకి పోవాలని రెండేళ్ళుగా తంటాలు పడుతున్నాను, నేను ప్రయత్నించని వేళంటూ దాదాపు ఏదీ మిగల్లేదు.

వారానికి మూడే ఎందుకంటే, పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి వ్యాయామం గానీ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం గానీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పరుగు గట్టి వ్యాయామం కిందికే వస్తుంది. అంటే మూడు అరగంటలు పరిగెత్తితే 90 నిమిషాలు, లెక్క సరిపోయింది. రోజూ వెళ్ళాలని కూర్చుంటే ఆ రెండో వారమే ఇంట్లో గొడవ, మూడో వారం మోకాలు.

ముందు తెల్లవారుజాము సంగతి. విశాఖలో ఉన్నవాడికి పొద్దున పరుగు గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఆర్కే బీచ్ రోడ్డు మీద తెల్లవారుజాము నుంచి ఏడున్నర ప్రాంతం దాకా బళ్ళు ఆపేస్తారు, కురుసుర సబ్‌మెరైన్ ముందు నుంచి రోడ్డు నడిమధ్యన పరిగెత్తొచ్చు, వెనక నుంచి హారన్ కొట్టేవాడు ఉండడు. జూన్‌లో 5:20 ప్రాంతానికే పొద్దు పొడిచేస్తుంది, హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందన్నమాట. మా బావమరిది అక్కడ టార్చిలైటు పట్టుకుని బయల్దేరే వేళకి నాకిక్కడ దారి స్పష్టంగా కనబడుతుంది. ఇబ్బందులు లేకపోలేదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలిలో తేమకి ఒంటి మీద చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, అందుకే అదే దూరానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. ఆ రెండు నెలలూ వాచీలో స్పీడు చూసి బాధపడ్డం శుద్ధ దండగ. ఇంకోటి కుక్కలు. బీచ్ రోడ్డు మీద పర్వాలేదు గానీ, ఇంటి నుంచి అక్కడికి వెళ్ళే సందుల్లో 5 గంటలకి వాటిదే రాజ్యం. పరిగెడితే వెంటపడతాయి, అందుకని సందులన్నీ నడిచే దాటతాను. (ఇసకలో పరిగెడితే ఇంకా మంచిదని ఫొటోలు చూసి వెళ్ళేవాళ్ళకి ఒక మాట: మెత్తటి ఇసక పిక్కల్నీ మడమ నరాన్నీ పట్టేస్తుంది. నాకు పది రోజులు కుంటుడు మిగిలింది.)

ఇవన్నీ నా కాళ్ళ బాధలు. అసలు లెక్క ఇంట్లో తేలింది. మొదటి నాలుగు నెలలు నేను 5కి వెళ్ళి 6:40కి వచ్చేవాణ్ణి. పరుగు 40 నిమిషాలే, మిగతాది బీచ్ గోడ మీద కూర్చోవడం, సముద్రాన్ని చూడ్డం, తెలిసినవాళ్ళతో టీ. ఆ గంటన్నరలో ఇంట్లో జరిగేది వేరు. మా ఆవిడకి పొద్దున డ్యూటీ ఉన్న వారం తను 7:15కి బయల్దేరాలి. ఆలోపు ఇడ్లీ, చట్నీ, మూడు లంచ్ బాక్సులు, పెద్దదానికి రెండు జడలు, చిన్నాడికి స్నానం. ఒకరోజు నేను చెమటలు కక్కుతూ, "ఇవాళ 6 కిలోమీటర్లు!" అంటూ లోపలికొచ్చాను. తను జడ వేస్తూ తలెత్తకుండానే, "కాళ్ళు మీవే గానీ, పరిగెడుతున్నది నేనండీ" అంది. కోపంగా అన్నా బాగుండేది, మామూలుగా అంది.

ఆ రోజు నుంచి ఏ వేళనైనా ఒక్క లెక్కతోనే చూస్తున్నాను: నేను లేని ఆ ముప్పావుగంటలో ఇంటి పని ఎవరి మీద పడుతోంది? వేగమూ కేలరీలూ ఆ తర్వాత. ఈ లెక్కలో నా పొద్దున పరుగు, నేను చేస్తున్న తీరులో, తప్పింది. కానీ వేళలో తప్పు లేదు, టీలో ఉంది. ఇప్పుడు 4:50కి లేచి, 5:05కి రోడ్డు మీదుండి, 5:50కి ఇంట్లో ఉంటాను. చట్నీ, బాక్సులు, చిన్నాడి స్నానం నావి. జడలు వేయడం నేర్చుకున్నాను గానీ మా పాప ఒప్పుకోవడం లేదు, ఒకటి ఎగువకీ ఒకటి దిగువకీ పోతాయట. శనివారం మాత్రం వచ్చేటప్పుడు ఎంవీపీ రైతుబజారులో ఆకుకూర, కూరగాయలు తెస్తాను, ఆ రోజు ఇంట్లో నా పరుగుకి కొంచెం గౌరవం ఎక్కువ. దీనికి కట్టాల్సిన ఖరీదు నిద్ర. 9:45కల్లా పడుకోకపోతే నాలుగో రోజుకి ఆఫీసులో తూగుతాను. రాత్రి 10:30 దాకా టీవీ కావాలి, పొద్దున 5కి పరుగూ కావాలంటే కుదరదు, రెండూ పట్టుకుని నెల తిరగకుండానే మానేసినవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు.

సాయంత్రానికి వద్దాం. ఒంటికి ఏది సుఖం అని మాత్రమే అడిగితే సాయంత్రమే. పగలంతా తిరిగిన ఒంట్లో వేడి మధ్యాహ్నం దాటాక ఎక్కువగా ఉంటుంది, కీళ్ళు వదులుగా ఉంటాయి, పొద్దున్న పట్టేసినట్టుండే పిక్కలు సాయంత్రం అడక్కుండానే సాగుతాయి. నా మట్టుకు నాకు పొద్దున కిలోమీటరు 7 నిమిషాల 20 సెకన్లు పడితే, సాయంత్రం 6 నిమిషాల 45 సెకన్లకే అయిపోతుంది, కష్టం తెలీకుండానే. ఆఫీసు చిరాకు కూడా రోడ్డు మీదే దిగిపోతుంది, ఇంట్లోవాళ్ళ మీద దించక్కర్లేదు.

అయినా సాయంత్రం పెట్టుకున్న రెండు నెలల్లో సగం రోజులు కూడా వెళ్ళలేదు. పొద్దున పరుగుకి అడ్డొచ్చేది నిద్ర ఒక్కటే, సాయంత్రానికి లోకమంతా అడ్డే. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్, మేనేజర్ 6 గంటలకి మొదలెట్టే మీటింగ్, స్కూలు ప్రాజెక్టుకి ఇప్పటికిప్పుడు కావలసిన చార్టు పేపరు, చుట్టాలు. పైగా పొద్దున మాకు కలిసొచ్చిన సూర్యుడే సాయంత్రం ఎదురు తిరుగుతాడు, డిసెంబర్‌లో 5:30 కాకముందే అస్తమిస్తాడు. ఇక బీచ్ రోడ్డంటారా, ఆ వేళకి జనం, బళ్ళు, మురీ మిక్చర్, మిరపకాయ బజ్జీల వాసన. ఆ వాసన మధ్యన పరిగెత్తి ఏమీ తినకుండా ఇంటికి రాగలిగినవాడికి నా నమస్కారం. అన్నం తిని పరిగెత్తలేం, పరిగెత్తి వచ్చి తింటే భోజనం 9:30, పడుకునేసరికి 11. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది: పిల్లలు మెలకువగా ఉండి, నేనూ ఇంట్లో తీరిగ్గా ఉండేది రోజు మొత్తంలో ఆ రెండు గంటలే. అందులోంచి ముప్పావుగంట తీస్తే వాళ్ళకి మిగిలేది హోంవర్కు నాన్న మాత్రమే.

ట్రెడ్‌మిల్ గురించి ఎక్కువ చెప్పను. మా అపార్ట్‌మెంట్ కింద చిన్న జిమ్ము ఉంది, ఒక ట్రెడ్‌మిల్ ఉంది, దాని బెల్టు ఎవరు బాగుచేయించాలన్న విషయం మీద అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో జరిగిన యుద్ధం వేరే కథ. అక్టోబర్, నవంబర్‌లలో వాయుగుండాలొచ్చి నాలుగేసి రోజులు వాన పట్టినప్పుడు అదే దిక్కు. గాలి తగలదు కాబట్టి చెమట ఎక్కువ, ఫ్యాన్ ఎదురుగా పెట్టుకోవాలి, 20 నిమిషాలు దాటితే గోడమీద పెయింటు పెచ్చులు లెక్కపెట్టుకోవడమే. ఇంట్లోకే ఒకటి కొందామని కూడా అనుకున్నాం గానీ, పొద్దున 5కి కింది ఫ్లాట్ వాళ్ళ నెత్తిన దబదబమని పరిగెత్తడం ఊహించుకుని మానేశాను.

నైట్ డ్యూటీ వారం మాత్రం దానిమీద చాలా ఆశపడ్డాను. ఆ వారం పొద్దున 5కి ఇంట్లో పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే, బీచ్‌కి వెళ్ళలేను. కింద జిమ్మే కదా, లిఫ్టులో రెండు నిమిషాలే కదా అని, పెద్దదాన్ని లేపి, ఫోన్ చేతిలో పెట్టి, తలుపు దగ్గరకి వేసి వెళ్ళాను. పన్నెండో నిమిషంలో జిమ్ అద్దం తలుపు అవతల చిన్నాడు నిలబడి ఉన్నాడు. చెప్పుల్లేవు. అక్క మళ్ళీ నిద్రపోయిందట, నాన్న కనబడలేదట, ఒక్కడే లిఫ్టెక్కి వచ్చేశాడు. సరైన బటన్ ఎలా నొక్కాడో తెలీదు. వేరే ఫ్లోర్‌లో దిగి ఉంటే, లిఫ్టు మధ్యలో ఆగి ఉంటే అని ఆ రోజంతా ఆలోచించాను. మా ఆవిడకి ఈ సంగతి వారం తర్వాత చెప్పాను, ఆ సంభాషణ ఇక్కడ రాయను. పిల్లలు నిద్రపోతున్నారు కదా, పది నిమిషాలే కదా అన్న ఆలోచన మీకూ వస్తే దాన్ని అక్కడే తుడిచేయండి.

అలా నైట్ డ్యూటీ వారానికి ఇంకేదీ మిగలక నాలుగోది దొరికింది: పిల్లలతోనే పరుగు. సాయంత్రం తను 7:15కి బయల్దేరుతుంది, నేను వచ్చేది 7కి, గేటు దగ్గరే అప్పగింత. 7:30కి మా సెక్టార్ లోపలి రోడ్డు మీదకి ముగ్గురం దిగుతాం. ఒక రౌండు దాదాపు 400 మీటర్లు, వీధి దీపాలున్నాయి, బళ్ళు తక్కువ. పిల్లలు సైకిళ్ళ మీద, నేను కాళ్ళ మీద. ఎనిమిది రౌండ్లు. శిక్షణగా చూస్తే ఇది ఎందుకూ పనికిరాదు: చిన్నాడి సైకిల్ చైను ఊడుతుంది, దాహమంటాడు, మూడో రౌండులో కోన్ ఐస్‌క్రీమ్ బండి ఎదురొస్తుంది. కానీ వెళ్ళిన రోజుల లెక్క చూస్తే నాలుగింటిలో ఇదే ముందుంది, ఎందుకంటే నేను బద్ధకించినా సైకిళ్ళు ఊరుకోవు. ఇంగ్లండ్‌లో ఉండే మా తమ్ముడు శనివారం పొద్దున పార్క్‌రన్‌కి వెళ్తాడు. 2004లో లండన్‌లో మొదలైన ఉచిత 5 కిలోమీటర్ల పరుగు అది, ఆదివారాల్లో 4 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి 2 కిలోమీటర్లది విడిగా ఉంటుంది. మనకి అది లేదు. మా సెక్టార్ రోడ్డుకి ఏ పేరూ లేదు గానీ పని అదే చేస్తోంది.

ఇక ఏది మేలంటే, నా ఓటు పొద్దున్నకే, తిరిగి రావాల్సిన టైము ముందే చెప్పి, ఆ టైముకి వస్తేనే. తనకి పొద్దున డ్యూటీ, మధ్యాహ్నం డ్యూటీ ఉన్న వారాల్లో నేను బీచ్ రోడ్డు మీద ఉంటాను. మధ్యాహ్నం డ్యూటీ వారం అన్నిటికంటే హాయి, ఆ పొద్దున ఎవరికీ తొందర లేదు. నైట్ వారం సైకిళ్ళతో, వాన వారం ట్రెడ్‌మిల్. సాయంత్రం ఒంటరి పరుగు మా ఇంటికి పనికిరాలేదు. అదే హైదరాబాద్‌లో రాత్రి అమెరికా కాల్స్ ఉండి, ఒంటిగంటకి పడుకునే ఐటీవాళ్ళు పొద్దున 5 జోలికి పోకండి, కాల్స్ మొదలయ్యే ముందు 5, 6 గంటల మధ్య వేళే మీకు దక్కేది. అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉంటే ఈ తలనొప్పుల్లో సగం ఉండవు, కానీ ఆవిడ మోకాళ్ళ మీద మీ పరుగు నడుస్తోందేమో ఒకసారి చూసుకోండి. ఏడాదిలోపు బిడ్డ ఉన్నవాళ్ళు, ఈ ఏడాదికి నడక చాలు, దొరికిన గంట నిద్రపోండి.

ఆదివారం పొద్దున మాత్రం నాది కాదు. 6 నుంచి 7:30 దాకా మా ఆవిడది. ఆదివారం డ్యూటీ పడితే ఆ గంటన్నర తన వీక్లీ ఆఫ్ రోజుకి మారుతుంది. నడుస్తుందో, గోడ మీద కూర్చుని సముద్రం చూస్తుందో, టీ తాగుతుందో నేనడగను. ఈ ఒప్పందం అయ్యాకే నా మూడు పరుగుల మీద ఇంట్లో సణుగుడు తగ్గింది. ఇంతకుముందు ఆదివారం నేను 10 కిలోమీటర్లు చేసేవాణ్ణి, ఇప్పుడది శనివారానికి మారింది, 8కి తగ్గింది. కొత్తవాళ్ళకి 5 కిలోమీటర్లు నేర్పే పద్ధతి ఒకటుంది, వారానికి 3 పరుగుల చొప్పున 9 వారాలు, నాకు అది 16 వారాలు పట్టింది, ఎందుకంటే నైట్ డ్యూటీ వచ్చినప్పుడల్లా వెనక వారమే మళ్ళీ చేశాను. ఏమీ నష్టం రాలేదు. శీతాకాలంలో మన నేవీ మారథాన్‌లో 5, 10 కిలోమీటర్ల పరుగులు కూడా ఉంటాయి, ఈసారి 10కి వెళ్దామనుంది.

ఆ నెల చార్ట్ ఇంకా రాలేదు. నిన్న రాత్రి సెక్టార్ రోడ్డు మీద ఎనిమిదో రౌండు అయ్యి ఆగబోతే, రౌండ్లు లెక్కపెట్టే మా పాప, "నాన్నా, ఏడే" అంది. ఎనిమిదే అని నాకు తెలుసు. ఐస్‌క్రీమ్ బండి అప్పటికి మూల తిరుగుతోంది.