డాట్‌ఎన్వ్‌తో నాలుగేళ్లు: ఐదుకు మూడున్నర

కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లో ఒక గది అద్దెకు తీసుకుని నేనూ మా తమ్ముడూ వెబ్ యాప్‌లు చేస్తుంటాం. నాలుగేళ్లుగా మా నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) ప్రాజెక్టుల్లో దాదాపు అన్నిట్లో డాట్‌ఎన్వ్ అనే ప్యాకేజీ ఉంది. డేటాబేస్ పాస్‌వర్డ్, ఎస్సెమ్మెస్ కీ లాంటివి కోడ్‌లో రాయకుండా విడిగా ఒక ఎన్వ్ ఫైల్లో పెడితే, యాప్ మొదలవగానే చదివి ఇస్తుంది. ఐదు నిమిషాల పని. తిప్పలన్నీ లోకల్ (మా కంప్యూటర్), స్టేజింగ్ (పరీక్షకు), ప్రొడక్షన్ (కస్టమర్లు వాడేది) అని మూడు ఫైళ్లయ్యాకే.

ఒక బండల వ్యాపారికి ఆర్డర్ల యాప్ చేశాం. స్టేజింగ్‌లో అసలు కస్టమర్ల నంబర్లే ఉంచాం (బుద్ధి తక్కువ పనే). ఎస్సెమ్మెస్ పంపాలా అన్నచోట ఫాల్స్ అని రాసి, నిశ్చింతగా టెస్టింగ్ మొదలుపెట్టాం. రాత్రి పదిన్నరకు వ్యాపారి ఫోను: "ఏందన్నా, లోడు బయల్దేరిందని అందరికీ మెసేజ్‌లు పోయినాయంట, లారీ యాడుందని నన్ను అడుగుతుండారు!" ఎన్వ్ నుంచి వచ్చేదంతా స్ట్రింగే, అంటే ఉత్త అక్షరాల వరుసే. ఖాళీగా లేని ఏ స్ట్రింగైనా జావాస్క్రిప్ట్‌కు ట్రూ కిందే లెక్క, అందులో ఫాల్స్ అని రాసి ఉన్నా సరే. మర్నాడు నలభై మందికి సారీ చెప్పించాం.

ఇంకోసారి డాట్‌ఎన్వ్ పాత వెర్షన్ నుంచి 16కి మారగానే డేటాబేస్ లాగిన్ ఆగిపోయింది. పాస్‌వర్డ్ మధ్యలో హ్యాష్ (#) గుర్తుంది. 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, కోట్స్ లేకపోతే హ్యాష్ తర్వాతదంతా కామెంటే, అంటే లెక్కలోకి తీసుకోదు. కోట్స్ పెడితే సరిపోయింది. అదే ఫైల్ యాప్‌ను కంటైనర్లో నడిపే డాకర్ రన్ కమాండ్‌కు ఇస్తే, అది కోట్స్‌ను కూడా పాస్‌వర్డ్‌లో కలిపేసుకుంది!

వీట్ (Vite) అనే బిల్డ్ టూల్‌తో చేసిన ఫ్రంటెండ్ (బ్రౌజర్లో నడిచే భాగం) సంగతి వేరు. అక్కడ విలువలు బిల్డ్ చేసేటప్పుడే కోడ్‌లో అతుక్కుపోతాయి. సర్వర్‌లో ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, మళ్లీ బిల్డ్ చేయాల్సిందే. పైగా అవి బ్రౌజర్లో ఎవరికైనా కనిపిస్తాయి కాబట్టి రహస్యాలు పెట్టకూడదు.

ఇప్పుడు ప్రొడక్షన్‌లో ఫైలే లేదు, విలువలు సర్వర్ సెట్టింగుల్లోనే ఉంటాయి. ముందే ఉన్న విలువను డాట్‌ఎన్వ్ తనంతట తాను మార్చదు, ఆ గుణం నాకు నచ్చింది. ఒక్క కీ లేకున్నా యాప్ మొదలుకాకుండా పది లైన్ల చెక్ రాసుకున్నాం. అన్నిటికన్నా అదే ఎక్కువ ఆదుకుంది.

ఈ మధ్య మొదలుపెట్టిన ప్రాజెక్టులో అసలు ప్యాకేజీయే వేయలేదు. 20.6 నుంచి నోడే స్వయంగా ఎన్వ్ ఫైల్ చదువుతోంది. స్ట్రింగ్ గొడవ మాత్రం అక్కడా ఉంది.