67 గుర్రాలతో బెలూం, గండికోట, గువ్వలచెరువు ఘాట్: మామూలు కారుకి ఎంత హెచ్‌పీ చాలు?

మాది కర్నూలు. నా బండి 2019 వ్యాగనార్, ఒక లీటర్ ఇంజిన్, 67 హెచ్‌పీ (హార్స్ పవర్, అంటే ఇంజిన్ పవర్‌ని లెక్కేసే కొలత). మా బామ్మర్దిది పోయినేడాది కొన్న కియా సెల్టోస్ 1.5 టర్బో పెట్రోల్ (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసేది), దాదాపు 160. పెనుకొండ ఫ్యాక్టరీలో తయారైన బండి కాబట్టి సీమ బిడ్డ అని వాడికి అదొక గర్వం. దసరాకి నేను బండి మారుద్దామనుకుంటున్నా, ఏ షోరూంకి పోయినా అక్కడి పిల్లోడు ఒకటే మాట, సార్ ఈ రోజుల్లో వంద హెచ్‌పీ కింద తీసుకుంటే హైవే మీద ఏడుస్తారు అని. అంత పవర్ నిజంగా ఎక్కడ ఖర్చవుతుందో చూద్దామనుకున్నా. అందుకే ఆగస్టు 15 సెలవులకి రెండు కుటుంబాలం రెండు కార్లలో మూడు రోజులు తిరిగొద్దామనుకున్నప్పుడు ప్రతి ఎత్తు దగ్గర, ప్రతి ఓవర్‌టేక్ దగ్గర గమనిస్తూ పోయినా. నా బండిలో నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా నాయన, డిక్కీ నిండా లగేజీ. వాడి బండిలో వాళ్ళు ముగ్గురే.

పొద్దున ఆరింటికి బయలుదేరి ఓర్వకల్లు, పాణ్యం దాటేదాకా నాలుగు లైన్ల రోడ్డు. ఇక్కడ చెప్పడానికేం లేదు, 90లో పోతుంటే ఇంజిన్ ఉందో లేదో తెలీదు. పాణ్యం దగ్గర ఉగ్గాని బజ్జి తిన్నాం, బొరుగులు సరిగ్గా నానినాయి, బజ్జీ మాత్రం చల్లారిపోయింది.

బనగానపల్లె, అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు తిరిగినాకే అసలు కథ. ఇక్కడంతా నాపరాళ్ళ గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, రాళ్ళ లోడు లారీలు ముప్పై నలభైలో ఊగుతా పోతుంటాయి, రోడ్డేమో రెండు లైన్లే. ఒక లారీ వెనక నాలుగు కిలోమీటర్లు పోయినా. బామ్మర్ది బండి ఎదురు ఖాళీ అయిన మరుక్షణం సుయ్‌మని వెళ్ళిపోయింది. నేను ఫోర్త్ గేరులోనే ఎక్సలేటర్ తొక్కితే బండి ఆలోచించుకుంటా ఉంది, అంతలో ఎదురుగా ఇంకో లారీ కనపడేసరికి మళ్ళీ వెనక్కి తగ్గినా. వెనక సీట్లోంచి మా నాయన "ఒరేయ్, గేరు దించరా ముందు" అన్నాడు. థర్డ్‌లో వేసి ఇంజిన్ అరుస్తుంటే దాటేసినా. అంటే పవర్ ఉంది, నేను వాడలేదు.

బెలూం గుహలు పది గంటలకి చేరినాం. పొడవు 3,229 మీటర్లంట, మనల్ని తిప్పేది అందులో కిలోమీటరున్నర దాకా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాసిపెట్టిపోతే జనం చూడ్డానికి తెరిచింది 2002లో. లోపల లైట్లు బాగున్నాయి, కోటిలింగాల దగ్గర పిల్లలు కదల్లేదు, పాతాళగంగ దాకా దిగి ఎక్కేసరికి చొక్కా పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళని లోపలికి తీసుకుపోవద్దు, మా నాయన బయట బుద్ధుడి విగ్రహం చూసుకుంటా నీడలో కూర్చున్నాడు. సెలవు రోజు జనం బాగా ఉన్నారు గానీ పార్కింగ్‌కి ఇబ్బంది కాలేదు.

అక్కడ్నించి జమ్మలమడుగు మీదుగా గండికోట. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం అన్నీ పక్కపక్కనే, తీరుబడిగా తిరగొచ్చు. పెన్నా లోయ అంచున సాయంత్రం ఐదున్నరకి రాళ్ళ మీద కూర్చుంటే ఇంకేం అడగబుద్ధి కాదు, కాకపోతే రెయిలింగ్ లేని చోట్లే ఎక్కువ, చిన్నపిల్లలున్నోళ్ళు చెయ్యి వదలొద్దు. టూరిజం వాళ్ళ హరిత హోటల్లో రూములు దొరకలేదు, ముందే బుక్ చేసుకోవాల్సింది, అది మా తప్పే. ప్రైవేటు టెంట్లలో ఉన్నాం, టెంటుకి 1,500, రాత్రి భోజనం కలిపి. సంగటి, నాటుకోడి పులుసు బ్రహ్మాండం. మిగతాది చెప్పుకుంటే సిగ్గు, ఎనిమిది టెంట్లకి ఒకటే బాత్రూం, తొమ్మిదింటికే నీళ్ళు అయిపోయినాయి, అడిగితే "ట్యాంకర్ వస్తుందన్నా" అని తెల్లారేదాకా అదే మాట. గాలికి టెంటు పటపటా కొట్టుకుంటుంటే మా ఆవిడ కారులోనే పడుకుంది. వ్యాగనార్ వెనక సీటు పడుకోవడానికి పనికొస్తుందని ఆ రోజే తెలిసింది.

రెండో రోజు కడపలో కారం దోసె. ఎర్రకారం, పప్పులపొడి, మీద నెయ్యి, పక్కన బొంబాయి చట్నీ, పిల్లలకి కళ్ళల్లో నీళ్ళొచ్చినా వదల్లేదు. కడప నుంచి పులివెందుల మీదుగా అనంతపురం పోతే దగ్గర దారి, కానీ రాయచోటిలో మా నాయన చుట్టాలున్నారు, పైగా మా ఆవిడకి గువ్వలచెరువు కోవా కావాలి, బామ్మర్దికేమో ఘాట్‌లో నా బండిని చూడాలి. "బావా, పైన కోవా అంగడి దగ్గర ఉంటా, నువ్వు నిదానంగా రా" అని నవ్వుకుంటా పోయినాడు.

గువ్వలచెరువు ఘాట్‌లో లోడు లారీలు పాకుతా ఎక్కుతుంటాయి, మలుపు మలుపుకీ ఒకటి. ఐదుగురం, లగేజీ, ఏసీ ఆన్, థర్డ్ గేర్. మూడో మలుపు దగ్గర స్పీడు పాతికకి పడింది, ఎక్సలేటర్ పూర్తిగా నేలకి ఆనించినా బండి ముక్కుతా ఉంది. ఏసీ ఆపినా. అయినా అంతే. సెకండ్‌కి దించి ఇంజిన్ గట్టిగా అరిచేదాకా తొక్కినాక అప్పుడు కదిలింది, అరుపు మాత్రం లోయలో ఉన్నోళ్ళక్కూడా వినపడి ఉంటుంది. అట్లే పైకి ఎక్కేసినాం, వేడెక్కలేదు, ఆగలేదు. బామ్మర్ది కంటే 6 నిమిషాలు వెనక. వాడప్పటికి కోవా సగం తినేసినాడు.

కోవా అంగడి ముందు కూర్చుని ఫోన్లో లెక్కలేసినా, అక్కడే విషయం అర్థమైంది. మన బండి కాగితం మీదున్న 67 హెచ్‌పీ ఎక్కడో 5,500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వచ్చేది. హెచ్‌పీ అంటే టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, దాన్ని ఆ చుట్లతో గుణిస్తే వచ్చేది. 2,000 దగ్గర టార్క్ ఎనభై న్యూటన్ మీటర్లు అనుకున్నా అక్కడ వచ్చేది పాతిక హెచ్‌పీ కూడా కాదు. అదే 2,000 దగ్గర వాడి టర్బో 253 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అంటే డెబ్బై పైమాటే. నా ఇంజిన్ ప్రాణం పెట్టి అరిస్తే వచ్చేది వాడికి నిద్రలోనే వస్తుందన్నమాట. పాత స్విఫ్ట్ డీజిల్‌ది ఉత్త 75 హెచ్‌పీ, అయినా జనం ఇప్పటికీ ఆ పికప్ గురించి చెప్పుకుంటారంటే కారణం ఇదే, 190 న్యూటన్ మీటర్లు 2,000 దగ్గరే వచ్చేస్తాయి కాబట్టి అక్కడే యాభై నాలుగు హెచ్‌పీ దాకా కాలి కింద ఉంటుంది. అందుకే బ్రోచర్‌లో పెద్దక్షరాల్లో ఉండే అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం, పక్కన చిన్నక్షరాల్లో ఏ ఆర్‌పీఎం దగ్గరో రాసుంటుంది, అది చదవాలి.

ఇదంతా విని మా నాయన, మారుతి 800లో ఐదుగురం తిరుమల ఎక్కలేదా అన్నాడు. నిజమే, అది 796 సీసీ, 37 హెచ్‌పీ. కానీ బండి బరువే 650 కిలోల చుట్టూ, ఏసీ ఎప్పుడూ వేసింది లేదు, అప్పట్లో మనుషులం కూడా సన్నగా ఉన్నాం.

రాయచోటి, కదిరి దాటి అనంతపురం చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర. తిమ్మమ్మ మర్రిమాను చూద్దామనుకున్నాం గానీ చీకటి పడిపోయింది, ఇంకోసారి. క్లాక్ టవర్ దగ్గర లాడ్జి, రూముకి 1,800, లిఫ్ట్ ఉంది, వేడినీళ్ళు వచ్చినాయి, రెండు కార్లకీ లోపలే పార్కింగ్. గండికోట తర్వాత అది స్వర్గం.

పొద్దున అక్కడే వీధి చివర ఒక మెకానిక్‌కి ఘాట్‌లో పికప్ లేదని చెప్పినా. ఏం అడగలేదు, బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు ఊడదీసి ఫిల్టర్‌ని గోడకేసి రెండు దెబ్బలు కొట్టినాడు. ఎర్రమట్టి పొడి చారెడు రాలింది, దాంతో పాటు రెండు శెనక్కాయ పొట్టు ముక్కలు. "అన్నా, దీనికి ఊపిరి ఎట్లాడతాంది" అన్నాడు. రెండు నెలల కింద సర్వీస్ చేయించినప్పుడు బిల్లులో ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు డబ్బులు తీసుకున్నారు మరి. ఏ సర్వీస్ సెంటర్ అని అడగొద్దు, కర్నూలుకి పోయినాక ఆ బిల్లు పట్టుకుని నేనే అడుగుతా. కొత్త ఫిల్టర్, టైర్లలో గాలి, మొత్తం అరగంటలో అయిపోయింది, కూలీకి వంద అడిగినాడు, నూటయాభై ఇచ్చినా.

అనంతపురం నుంచి కర్నూలు 150 కిలోమీటర్లు, 44వ నంబరు హైవే. బండి కొంచెం తేలిగ్గా పోతున్నట్టు అనిపించింది, కొత్త ఫిల్టర్ మహిమో, మనసు మహిమో, వెనక నుంచి తోస్తున్న గాలి మహిమో చెప్పలేను. ఆగస్టులో ఇక్కడ గాలి మామూలుగా ఉండదు, దూరంగా గాలిమరలు గిరగిరా తిరుగుతానే ఉన్నాయి. ఈ రోడ్డు మీద బామ్మర్ది నాకంటే ముందు పోయింది లేదు. కేంద్రం 2018లో కార్లకి నాలుగు లైన్ల రోడ్ల మీద పెట్టిన లిమిట్ 100. ఆ 100లో చదునుగా పోవడానికి నా బండికి చక్రాల దగ్గర కావాల్సింది పదహారు పదిహేడు హెచ్‌పీ, గేర్లలో పోయేది, ఏసీ తినేది కలుపుకున్నా పాతికలోపే. 80లో అయితే పది చాలు. గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ మాత్రం స్పీడు ఒకటిన్నర రెట్లయితే మూడు రెట్లు దాటిపోతుంది, అందుకే 120, 140 పోయేవాళ్ళకే పెద్ద ఇంజిన్ రుచి తెలిసేది, మన రోడ్ల మీద గొర్రెలు అడ్డమొచ్చే చోట ఆ రుచి మరిగితే కష్టం.

గుత్తి దగ్గర కోట ఎక్కుదామన్నా, ఎవరూ దిగలేదు, టీ తాగి వచ్చేసినాం. ఫుల్ టు ఫుల్ లెక్కేస్తే నాకు లీటరుకి 19 కిలోమీటర్లు, వాడికి 13. వాడేం బాధపడలేదులే, ఘాట్‌లో ఏసీ ఆపకుండా ఎక్కినా కదా బావా అన్నాడు. అది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఊర్లో ఆఫీసు, పిల్లల స్కూలు, నెలకోసారి హైదరాబాద్ అంటే 67 చాలు, ఇద్దరు ముగ్గురే ఉంటే ఇంకా చాలు. ఐదుగురు, లగేజీ, ఏసీ, రెండు లైన్ల రోడ్డు అన్నీ ఒకేసారి వస్తే ఒక ఇరవై హెచ్‌పీ తక్కువ పడింది, వంద కాదు. అదే వ్యాగనార్‌లో 1.2 ఇంజిన్‌కి 90 హెచ్‌పీ దాకా ఉంది, టార్క్ 113, బరువు పెద్దగా పెరగలేదు. చిన్న టర్బో ఒకటి కూడా నడిపి చూస్తా, కాకపోతే టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కడినే పోను, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఏసీ ఫుల్లు పెట్టి ఏదైనా ఫ్లైఓవర్ సెకండ్ గేర్లో కాదు, థర్డ్‌లో ఎక్కిస్తా. షోరూం పిల్లోడికి ఇది చెప్తే నవ్వినాడు. మా ఆవిడ మాత్రం గుర్రాల సంగతి తర్వాత, వెనక సీటుకి ఏసీ వెంట్ ఉందో లేదో అది అడుగు ముందు అంటోంది.