చేతికొచ్చే చిల్లరా, బ్యాంకు ప్యాకెట్టా: నాణేలు పోగుచేసేవారికి ఏది మేలు?

నాణేలు పోగుచేయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు ముందుగా వచ్చే సందేహం ఇది. కిరాణా కొట్లో, బస్సులో చేతికొచ్చే చిల్లరను గాలించాలా, బ్యాంకుకెళ్లి వంద బిళ్లల ప్యాకెట్టు తెచ్చుకుని విప్పాలా? రెండు దారుల్లోనూ పది రూపాయల బిళ్లకు పది రూపాయలే ఇస్తాం. అక్కర్లేనివి కూరగాయల బండి దగ్గర ఖర్చైపోతాయి. డబ్బు పోయేదేమీ లేదు, పోయేది టైమే. నా ఓటు చిల్లరకే. అయితే ఒక్క విషయంలో మాత్రం బ్యాంకు ప్యాకెట్టుకు సాటి లేదు.

చిల్లరలో ఏ ఏడాది బిళ్ల వస్తుందో ముందుగా చెప్పలేం. అదే దాని బలం. పదకొండు అంచుల పాత రెండు రూపాయల బిళ్ల, మొన్న మొన్న వచ్చిన ఇరవై రూపాయల బిళ్ల ఒకే గుప్పెట్లో ఉండొచ్చు. ఆ పాత రెండు రూపాయల మీద భారతదేశ పటం ఉండటం మామూలే. దాని బదులు 1999 నాటి ఛత్రపతి శివాజీయో, 2000 నాటి సుప్రీంకోర్టు యాభయ్యేళ్ల గుర్తో ఉంటే తప్పకుండా పక్కన పెట్టండి. చేతికి అయస్కాంతం తగిలితే ఒక పరీక్ష కూడా చేయొచ్చు. రాగి, నికెల్ కలిపి చేసిన ఈ పాత బిళ్లలు దానికి అంటుకోవు. 2005 తర్వాత వచ్చిన స్టీలు రెండు రూపాయలు మాత్రం టక్కున అంటుకుంటాయి. మందపాటి పాత ఐదు రూపాయల్లో 2001 నాటి జైన తీర్థంకరుడు మహావీరుడి బిళ్ల కోసం చూడండి.

చాలామంది గమనించకుండా వదిలేసేది సంవత్సరం కింద ఉండే చిన్న గుర్తు. బిళ్ల ఏ ఊరి టంకశాలలో, అంటే నాణేలు కొట్టే చోట, తయారైందో అది చెబుతుంది. వజ్రం ఆకారం ఉంటే ముంబై, ఐదు కోణాల నక్షత్రం ఉంటే హైదరాబాద్, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. సైఫాబాద్‌లో 1903లో మొదలై, 1997లో చర్లపల్లికి మారిన మన హైదరాబాద్ టంకశాల బిళ్లలనే ఏడాదికొకటి చొప్పున పేర్చుకుంటూ వెళ్లినా చాలాకాలం సరిపోయే పని. 1990ల చివర్లో చిల్లర కరువొచ్చి ప్రభుత్వం విదేశాల్లోనూ నాణేలు కొట్టించింది. 1999 నాటి ఐదు రూపాయల బిళ్ల మీద మాస్కో టంకశాల వారి రష్యన్ అక్షరాలు కనబడితే దాన్ని మళ్లీ గల్లాపెట్టెలోకి పోనివ్వకండి.

పది రూపాయల బిళ్లల కథ వేరు. అవి చెల్లవన్న పుకారు మన ఊళ్లలో ఎంత గట్టిగా పాకిందంటే, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా వద్దనే కొట్లు ఉన్నాయి. పోగుచేసేవాళ్లకు ఇది కలిసొచ్చింది. "అన్నా, పది రూపాయల బిళ్లలుంటే ఇవ్వు, నోటిస్తా" అంటే కొట్టాయన సంతోషంగా డబ్బా బోర్లిస్తాడు. హోమీ భాభా, వైష్ణోదేవి, అంబేడ్కర్, యోగా దినోత్సవం, ఇలా ఒక్కొక్కటీ అందులోంచే దొరుకుతుంది.

చిల్లరకున్న లోటల్లా అరుగుదల. చేతులు మారి మారి గీతలు పడతాయి, ఇత్తడి రంగు ఐదు రూపాయలు నల్లబడతాయి. పైగా ఫోన్‌పే వచ్చాక జేబులోకి బిళ్ల రావడమే తగ్గింది. కొట్లో అడిగి తీసుకోకపోతే వారానికి నాలుగు కూడా చేతికి రావు.

బ్యాంకు ప్యాకెట్టు గెలిచేది ఇక్కడే. టంకశాల నుంచి నేరుగా వచ్చిన బిళ్లకుండే మెరుపు చిల్లరలో దొరకదు, పోయిన మెరుపు తిరిగి రాదు. 2022 జూన్‌లో ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ గుర్తుతో రూపాయి నుంచి ఇరవై దాకా ఐదు బిళ్లలు విడుదలయ్యాయి. అలాంటి కొత్త సిరీస్ వచ్చినప్పుడు బ్యాంకులు పెట్టే నాణేల మేళాకు వెళ్లడమే మంచిది. ముద్రణ లోపాలు వెతకడానికీ ప్యాకెట్టే వీలు. బిళ్లను పైనా కిందా వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పండి. వెనక బొమ్మ కూడా నిటారుగానే ఉండాలి. ఒరిగి కనిపిస్తే అచ్చు తిరిగిందన్నమాట. ఒకటి దొరికితే మిగతా తొంభై తొమ్మిదీ చూడాల్సిందే, ఎందుకంటే ఒకే అచ్చు నుంచి వచ్చినవి ఒకే చోట చేరే అవకాశం ఉంది.

కానీ కొత్త ప్యాకెట్టులో తరచూ వందా ఒకే ఏడాదివి, ఒకే టంకశాలవి ఉంటాయి. రెండు ఉంచుకుంటే మిగతావి చిల్లరే. జనం జమచేసినవి కట్టిన ప్యాకెట్టు దొరికితే మాత్రం అది చిల్లరకు చుట్టమే. అడిగి చూడండి, కొన్ని శాఖల్లో రద్దీ లేనప్పుడు ఓపిగ్గా ఇస్తారు.

ఏ దారిలో దొరికినా చింతపండుతో తోమకండి. ఇత్తడి చెంబులా తళతళలాడుతుంది, సేకరించేవాళ్లు మాత్రం ముట్టుకోరు. వైష్ణోదేవి బిళ్లకు లక్షలిస్తామనే మెసేజ్‌లను అసలే నమ్మొద్దు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని ఛార్జీలు, పన్నులు అడిగేవాళ్ల గురించి 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

మూడో దారి, టంకశాలలు నేరుగా అమ్మే సెట్లు. 2023లో వచ్చిన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం అలాంటిదే. అందంగా ఉంటాయి, కానీ ముఖవిలువ కంటే ఎంతో ఎక్కువ పెట్టి కొనాలి. అది కొనుక్కోవడం, వెతుక్కోవడం కాదు.

కాబట్టి కొత్తవాళ్లు మొదటి ఏడాదంతా చిల్లరతోనే గడపండి. పన్నెండు అంచుల ఇరవై రూపాయల బిళ్ల 2020లోనే చలామణిలోకి వచ్చింది కాబట్టి దాని జాబితా ఇంకా చిన్నదే. సంవత్సరం, టంకశాల గుర్తు రాసుకుంటూ దానితో మొదలుపెట్టండి. ప్యాకెట్టు కోసం బ్యాంకుకు కొత్త డిజైన్ వచ్చినప్పుడు వెళితే చాలు.