పార్కుకు తాళం వేయడమా, షరతులతో తెరిచి ఉంచడమా: మహమ్మారి కాలంలో ఏది మేలు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. ఆ నెల గడవకముందే ఎన్నో నగరాల్లో పార్కులు చూసుకునే అధికారుల మీద మూడు నిర్ణయాలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. పార్కులు మూసేయాలా, షరతులతో తెరిచి ఉంచాలా? పిల్లల క్యాంపులు, పెద్దవాళ్ల వ్యాయామ తరగతులు ఆన్‌లైన్‌లో పెట్టాలా, చిన్న చిన్న బృందాలుగా ఆరుబయట నడపాలా? సగంలో ఉన్న నిర్మాణ పనులు ఆపాలా, సాగనివ్వాలా? అప్పటికి ఎవరికీ ఏదీ స్పష్టంగా తెలియదు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. ఇప్పుడు మన చేతిలో అనుభవం ఉంది. మళ్లీ అవసరం పడకముందే దాన్ని తూచి చూసుకోవాలి.

తాళమా, షరతులా?

మూసేయడం అమలు చేయడానికి చాలా తేలిక. తాళం వేయడానికి ఒక మనిషి సరిపోతాడు. తెరిచి ఉంచాలంటే గుంపులను గమనించాలి, మాస్కు పెట్టుకోమని పదిమందికి పదిసార్లు చెప్పాలి, మాటలు పడాలి. వ్యాధి ఎలా పాకుతుందో తెలియని తొలి వారాల్లో మూసేయడమే నయమన్న వాదనను నేను కొట్టిపారేయను. పారిస్‌లో మార్చి మధ్యలో మూసిన పార్కులు మే 30 దాకా తెరుచుకోలేదు. లండన్‌లోని విక్టోరియా పార్కును మార్చి చివర్లో మూసి, ఏప్రిల్‌లో తక్కువ వేళలతో తెరిచారు.

కానీ మూసేసిన పార్కులోని జనం ఎక్కడికి పోతారు? కొందరు ఇళ్లలో ఉండిపోతారు. మిగతావాళ్లు పక్క వీధి ఇరుకు ఫుట్‌పాత్ మీదకో, తెరిచి ఉన్న మరో పార్కుకో చేరతారు. అక్కడ రద్దీ రెట్టింపవుతుంది. పైగా ఈ వ్యాధికి అసలు అనువైన చోటు గాలి ఆడని గది. చైనాలో 2020 తొలి వారాల కేసులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, ఒకేచోట ముగ్గురికి లేదా అంతకంటే ఎక్కువ మందికి సోకిన 318 సందర్భాలు దొరికితే, అవన్నీ నాలుగు గోడల మధ్య జరిగినవే. ఈ విషయం తెలిశాక కూడా నెలల తరబడి తాళాలు వేసి ఉంచడం ఇరుకు ఇళ్లలో ఉండేవాళ్లకు అన్యాయం. పెరడు ఉన్నవాళ్లకు పార్కు మూసినా పెద్ద తేడా ఉండదు. ఒకే గదిలో ఐదుగురు ఉండే కుటుంబానికి ఉన్న ఒక్క ఆరుబయట కూడా పోతుంది.

అందుకే నా ఓటు తెరిచి ఉంచడానికే. అయితే ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే కుదరదు. రద్దీని పుట్టించే వస్తువులను తీసేసి, చోటును మాత్రం ఉంచాలి. న్యూయార్క్ మార్చిలోనే బాస్కెట్‌బాల్ రింగులు ఊడదీయించింది, పార్కులను మాత్రం తెరిచే ఉంచింది. రింగు లేకపోతే పదిమంది ఒకరి మీద ఒకరు పడి ఆడే ఆట ఉండదు, మైదానంలో నడిచేవాళ్లకు ఇబ్బందీ ఉండదు.

గడ్డి మీద గీసిన గుండ్రాలు నాకు ఇంకా నచ్చాయి. 2020 మే నెలలో న్యూయార్క్‌లోని డొమినో పార్కులో ఎనిమిది అడుగుల వ్యాసంతో తెల్లటి వలయాలు గీశారు, ఒకదానికీ మరొకదానికీ మధ్య ఆరడుగుల ఖాళీ వదిలారు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డొలోరెస్ పార్కూ ఇదే పని చేసింది. ఒక కుటుంబం వచ్చి ఒక గుండ్రంలో దుప్పటి పరుచుకుంటుంది. పక్క గుండ్రంలో మరో ఇద్దరు కూర్చుంటారు. గుండ్రాలన్నీ నిండాయంటే పార్కు నిండిందని వచ్చినవాళ్లకే అర్థమవుతుంది. కాపలా మనిషి అరవనక్కర్లేదు, కావలసింది కాస్త పెయింటు. ఆరడుగుల దూరం పాటించండి అని బోర్డు మీద రాస్తే ఒక్కొక్కరు ఒక్కోలా కొలుస్తారు. నేల మీద గీస్తే వాదనకు తావుండదు.

జనం మీద కోపంతో చేసినట్టుండే పనులు మాత్రం నిలబడవు. కాలిఫోర్నియాలోని శాన్ క్లెమెంటే నగరం, వద్దన్నా వస్తున్నారని, స్కేట్‌బోర్డు ఆడే గుంటల్లో 37 టన్నుల ఇసుక పోయించింది. కొద్ది రోజులకే స్కేట్‌బోర్డు ఆడేవాళ్లు పారలు, బకెట్లు తెచ్చి ఇసుక ఎత్తిపోశారు. వాళ్లకు అదే నగరం వేరే దారి చూపించి ఉంటే బాగుండేది: వేళలు పంచడం, ఒకసారికి ఇంతమందే అని పరిమితి పెట్టడం లాంటివి.

దారులు వెడల్పు చేయడం ఇంకో ఉపాయం. నడిచే బాట నాలుగడుగులే ఉంటే ఎదురెదురుగా వచ్చేవాళ్లు దూరం పాటించడం అసాధ్యం, ఎన్ని బోర్డులు పెట్టినా ఇంతే. బాటను ఒకే దిశకు మార్చాలి, లేదా పక్కనున్న రోడ్డును కలుపుకోవాలి. 2020 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులోని ప్రధాన రోడ్డును కార్లకు మూసి నడిచేవాళ్లకు ఇచ్చింది. 2022లో ఓటింగ్ పెడితే అక్కడి జనం దాన్ని అలాగే ఉంచమన్నారు.

శానిటైజేషన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. మైదానాల మీద, వీధుల మీద క్రిమిసంహారక మందు చల్లడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే వద్దంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పిందాని ప్రకారం, వైరస్ అంటిన ఉపరితలాన్ని ముట్టుకుంటే సోకే అవకాశం సాధారణంగా 10,000లో 1 కంటే తక్కువ. ఆ స్ప్రేయర్ పట్టుకున్న మనిషిని గేటు దగ్గర రద్దీ చూడటానికి పెట్టడం మేలు.

ఆన్‌లైన్ క్లాసులా, చిన్న బృందాలా?

వీడియోలో వ్యాయామ పాఠం పెట్టడం సులువు, ఖర్చు తక్కువ, ఎవరికీ టెన్షన్ ఉండదు. కదలలేని వృద్ధులకు, వేరే జబ్బులున్నవాళ్లకు అది నిజంగా మేలు చేసింది. మహమ్మారి పోయాక కూడా వాళ్ల కోసం దాన్ని కొనసాగించాలి. కానీ ఇంట్లో ఉన్న ఒకే ఫోన్‌లో అక్క స్కూలు పాఠం నడుస్తుంటే తమ్ముడి డ్రాయింగ్ క్లాసు సాగదు. పిల్లలు క్యాంపుకు వచ్చేది పాఠం కోసమే అనుకుంటే పొరపాటు. తోటిపిల్లల కోసం వస్తారు. అమ్మానాన్నలు పంపేది, తాము పనికి వెళ్లే ఆ కొన్ని గంటలూ ఎవరో ఒకరు చూసుకుంటారని.

పదిమంది పిల్లలు, అదే బృందం, అదే ఇన్‌స్ట్రక్టర్, వారమంతా మార్పు లేకుండా, ఆరుబయట చెట్టు కింద: కష్టమైనదే అయినా ఈ పద్ధతే మేలు. ఒకరికి సోకితే ఆ బృందాన్ని మాత్రం ఆపితే చాలు, క్యాంపు మొత్తం మూతపడదు. దీనికి సిబ్బంది ఎక్కువ కావాలి, ఫీజుల రాబడి తగ్గుతుంది. ఆ నష్టాన్ని నగర బడ్జెట్టే భరించాలి. శాన్‌ఫ్రాన్సిస్కో 2020లో తన రిక్రియేషన్ సెంటర్లను వైద్య సిబ్బంది పిల్లల సంరక్షణ కేంద్రాలుగా మార్చింది. కార్యక్రమాలు ఆగినా భవనమూ, పిల్లలతో మెలగడం తెలిసిన మనుషులూ ఉంటారు కదా, వాళ్లను ఇంటికి పంపేయడం కంటే ఇది ఎంతో మెరుగు.

స్విమ్మింగ్ పూల్ విషయం వేరు. సరిగ్గా క్లోరిన్ కలిపిన నీటితో పెద్ద భయం లేదు. ఇబ్బందంతా డ్రెస్సింగ్ రూముల్లోనే. దుస్తులు ఇంట్లోనే మార్చుకుని రమ్మని, వేళలు ముందే బుక్ చేయించి నడపొచ్చు.

పనులు ఆపాలా, సాగించాలా?

ఆదాయం పడిపోయినప్పుడు అన్నిటికంటే ముందు కత్తెర పడేది నిర్మాణ పనుల మీదే. ఆపితే ఈ ఏడాది డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ తవ్వి వదిలేసిన గుంతకు కంచె, కాపలా కావాలి. కాంట్రాక్టర్ పరిహారం అడుగుతాడు. మళ్లీ టెండర్ పిలిచేసరికి సిమెంటు, ఇనుము రేట్లు పెరిగి ఉంటాయి. మొదలైన పనిని పూర్తి చేయాలి, చిన్న బృందాలతోనైనా. జనం లేనప్పుడు హాలు పైకప్పు, పూల్ ఫిల్టరు, పాత డ్రైనేజీ బాగుచేయడం ఎప్పటికన్నా సులువు, ఎవరి క్లాసూ చెడదు.

కొత్త డిజైన్లు మాత్రం ఆగాలి. జనంతో సమావేశం పెట్టకుండా, ఇంటర్నెట్ ఉన్నవాళ్లు ఇచ్చిన అభిప్రాయాలతోనే పార్కు స్వరూపం మార్చేస్తే రేపు వాడుకునేవాళ్లలో సగం మంది మాట వినలేదనే లెక్క. తోటమాలుల జీతాలు కోసి కొత్త ఫౌంటెన్ కట్టడం అన్నిటికంటే అన్యాయం. ఒక్క వేసవి నీళ్లు పెట్టకపోతే ఇరవై ఏళ్లు పెరిగిన చెట్టు ఎండిపోవచ్చు.

డబ్బూ మనుషులూ మరీ తక్కువై, ఒక్క పనే ఎంచుకోమంటే నేను టాయిలెట్లు ఎంచుకుంటాను. పార్కు తెరిచి టాయిలెట్లకు తాళం వేసిన చోట్ల యువకులు వచ్చి పరుగులు తీసి వెళ్లిపోతారు. వృద్ధులు, గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు అసలు రారు. రోజుకు నాలుగుసార్లు కడిగించి, కుళాయి దగ్గర సబ్బు పెట్టి, నెలలుగా వాడని పైపుల్లో నిలిచిన నీటిని బయటికి వదిలేశాకే తెరవాలి. ఆ ఖర్చును బడ్జెట్ కాగితంలో మొదటి వరుసలోనే రాసుకోవాలి.