ఎంగిలి ప్లేట్లెత్తిన హోటల్లోనే అతిథిగా

న్యూయార్క్ నుంచి 17వ నంబరు రోడ్డు మీద తొంభై మైళ్లు పోతే కేట్స్‌కిల్ కొండలు. వేరే హోటళ్లు యూదులను గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో వాళ్లు ఇక్కడ సొంతంగా వందల హోటళ్లు కట్టుకున్నారు. 1972 వేసవిలో నేను బస్‌బాయ్‌గా, అంటే ఎంగిలి ప్లేట్లెత్తి నీళ్లందించే కుర్రాడిగా, పనిచేసింది అలాంటి ఒకదాంట్లోనే. పేరు రాయను, తిట్టాల్సింది చాలా ఉంది.

ముందు తిట్లే కానిద్దాం. సిబ్బంది వసతి అన్నది వంటింటి వెనకాల చెక్క షెడ్డు. గదికి నలుగురం, కిటికీకి చిరిగిన దోమతెర. దానికి వారానికి 9 డాలర్లు జీతంలోంచి కోసేవాళ్లు. జీతం ఎలాగూ పేరుకే, టిప్పుల మీదే బతుకు. ఏ బల్లలు ఎవరికన్నది హెడ్ వెయిటర్ చేతిలో ఉండేది. కిటికీ పక్కవి కావాలంటే అతనికి 20 డాలర్లు సమర్పించుకోవాలి. ఇవ్వనందుకు నాకు వంటింటికి అందరికన్నా దూరంగా ఉన్న మూల దక్కింది. ఆదివారం పొద్దున అతిథులు వెళ్తూ కవర్లలో టిప్పు పెట్టి ఇచ్చేవాళ్లు, బస్‌బాయ్‌కి తలకి రోజుకి డాలరున్నర లెక్కన. ఒక కుటుంబం, పదకొండుమంది, వారమంతా నన్ను నీళ్లకీ రొట్టెలకీ పరుగులు పెట్టించి, శనివారం రాత్రే సామాను సర్దుకుని చెప్పకుండా చెక్కేసింది. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు.

తిండి మాత్రం... దాని గురించి ఎంత రాసినా తనివి తీరదు. నేను శాకాహారిని, అమెరికాలో అప్పటిదాకా బ్రెడ్డూ బంగాళదుంపలతోనే కాలక్షేపం. ఇక్కడ కోషర్, అంటే యూదుల తిండి నియమం. పాలకీ మాంసానికీ పొత్తు కుదరదు. వంటిళ్లు వేరు, గిన్నెలు వేరు, కడిగే తొట్లు కూడా వేరు. పగటి రెండు పూటలూ పాలవంటలు, మాంసం రాత్రికే. మడి కట్టుకునే మా నాయనమ్మ చూసి ఉంటే మెచ్చుకునేది. ఒక రాత్రి బ్రూక్లిన్ కుర్రాడొకడు కాఫీలోకి పాలజగ్గు పట్టుకుని హాల్లోకి వస్తుంటే, నియమాలు చూసే గడ్డం పెద్దాయన తలుపు దగ్గరే అడ్డంపడి జగ్గు లాక్కున్నాడు. అరవలేదు. జగ్గులోంచి కిందపడ్డ చుక్కల్ని తనే వంగి తుడిచి, కుర్రాణ్ణి వెనక్కి పంపాడు.

మధ్యాహ్నం చల్లటి బీట్‌రూట్ చారు, పైన పుల్లటి మీగడ. బోర్ష్ట్ అంటారు. మెత్తటి చీజు చుట్టి వెన్నలో కాల్చిన పల్చటి అట్లు బ్లింట్జులు. మెనూలో ధరలుండేవి కావు, గది అద్దెలోనే అన్నీ, ఎన్నిసార్లు అడిగినా తెచ్చేవాళ్లు. నా బల్ల దగ్గర కూర్చునే ఒక ముసలావిడ రోజూ నాలుగు బ్లింట్జులు చెప్పి రెండు తినేది. మిగతావి ముట్టకుండా పక్కకు జరిపి, నా వంక చూసి, "సన్నగా ఉన్నావు" అని గొణిగేది. సిబ్బందికి పెట్టే నిన్నటి మాంసం నాకు పనికిరాదని ఎవరు చెప్పారో ఆవిడకి!

1983లో మా ఆవిడనీ పాపనీ తీసుకుని అదే హోటల్‌కి అతిథిగా వెళ్లాను. ముగ్గురికీ రోజుకు 165 డాలర్లు, మూడు పూటలా తిండితో. ఆ డబ్బుకి దండగ. కార్పెట్‌కి ముక్కిపోయిన వాసన, సన్నటి తువ్వాళ్లు, సగం ఖాళీ హాలు. బ్లింట్జులు లోపల ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. వానతో పాప ఒకటే గోల. నేనేమో ప్రతి బస్‌బాయ్‌నీ ఆపి బల్లలెలా పంచుతున్నారని ఆరా తీస్తుంటే, "సెలవుకి వచ్చావా, తనిఖీకా?" అంది మా ఆవిడ. వెళ్లేటప్పుడు కుర్రాడికి మామూలుకి రెట్టింపు ఇచ్చాను, అదీ తనకు నచ్చలేదు.

ఆ తర్వాత ఇలాంటి హోటళ్లు దాదాపు అన్నీ ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇంటింటా ఏసీలొచ్చాయి, విమానం చవకైంది, యూదుల పిల్లలకి ఎక్కడికైనా వెళ్లే వీలు దొరికింది. 1952లోనే కృత్రిమ మంచు కురిపించి స్కీయింగ్ నడిపిన గ్రాసింజర్స్ హోటల్‌ని 1986లో, కాంకర్డ్ హోటల్‌ని 1998లో మూసేశారు. మా హోటల్ పాడుబడి ఉంది. ఈమధ్య చూస్తే డైనింగ్ హాలు పైకప్పు సగం కూలి, నా మూల బల్లలున్న చోట చెట్టు మొలిచింది. నిజం చెప్పాలంటే హెడ్ వెయిటర్ నిలబడే చోటు కూడా కూలిందా అనే ముందు చూశాను. కూలింది.

ఫొటోల కోసం కుర్రాళ్లు కంచె దూరి వెళ్తున్నారు. మీరు వెళ్లకండి, నేల పుచ్చిపోయింది, పట్టుకుంటే కేసు కూడా. దానికంటే దగ్గర్లో బెథెల్‌కి వెళ్లండి, 1969 వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగిన పొలం, మ్యూజియం ఉన్నాయి. మా ఆవిడ ఈ కొండల్లో మెచ్చుకున్నది అదొక్కటే. వేసవి శుక్రవారమైతే మధ్యాహ్నం రెండులోపే బయల్దేరండి, సాయంత్రం 17 మీద బండి కదలదు.